పనిలో లీనమవడం: మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు, జవాబులు

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఇంటర్ పిల్లలతో, వాళ్ల అమ్మానాన్నలతో, గ్రూప్స్‌కి చదివేవాళ్లతో, ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లతో ఏకాగ్రత గురించి మాట్లాడుతుంటాను. మనుషులు మారినా సందేహాలు మారవు. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే వాటిని ఇక్కడ చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి.

## అసలు ఇదేమిటి

పనిలో పడితే టైమే తెలియలేదంటాం కదా. సైకాలజీలో దానికి పేరుందా?

ఉంది, దాన్ని ఫ్లో అంటారు. ఆ పేరు పెట్టి దశాబ్దాల పాటు పరిశోధించినవారు మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ (1934–2021). హంగేరీ కుటుంబంలో పుట్టి, అమెరికా వెళ్లి, షికాగో విశ్వవిద్యాలయంలో చాలాకాలం పనిచేశారు. 1960ల్లో చిత్రకళ విద్యార్థులను గమనిస్తున్నప్పుడు ఆయనకు ఒక సంగతి వింతగా తోచింది. బొమ్మ వేస్తున్నంతసేపు ఆకలి, అలసట పట్టనివాళ్లు, అది పూర్తికాగానే పక్కన పడేసి ఇంకోటి మొదలుపెట్టేవారు. వాళ్లను అంతసేపు కూర్చోబెట్టింది వేయడంలో ఉన్న ఆనందమే అని ఆయనకు అర్థమైంది. ఆ తర్వాత కొండలెక్కేవాళ్లను, చెస్ ఆటగాళ్లను, నర్తకులను, సర్జన్లను అడిగితే అందరూ దాదాపు ఒకే అనుభవం చెప్పారు. తర్వాత ఏం చేయాలో చేతికి తెలుస్తూ ఉంటుంది. చేసింది సరిగ్గా వచ్చిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న ధ్యాస పోతుంది. గడియారం సంగతి గుర్తుండదు. 1975లో ఆయన దీన్ని పుస్తకంగా తెచ్చారు.

ఏకాగ్రత, ఫ్లో, ధ్యానం మూడూ ఒకటేనా?

కాదు. ఏకాగ్రత అంటే మనసును ఒకచోట నిలపడం. దానికి శ్రమ పడాలి. ఫ్లోలో మనసు నిలిచే ఉంటుంది కానీ ఆ శ్రమ తెలియదు. ధ్యానంలో, ముఖ్యంగా శ్వాసను గమనించే పద్ధతిలో, మనసు ఎటు పోతోందో మనమే చూస్తూ ఉంటాం. ఫ్లోలో అలా చూసుకునే మనిషి కాసేపు కనపడడు. రోజూ ధ్యానం చేస్తే, మనసు జారినప్పుడు తొందరగా గుర్తించే అలవాటు వస్తుంది. చదువుకు ఆ అలవాటు పనికొస్తుంది. అంతమాత్రాన ధ్యానం చేసినవాళ్లందరికీ లెక్కలు చేసేటప్పుడు ఫ్లో వస్తుందని కాదు.

ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతుంది?

కొన్ని ఆధారాలు ఉన్నాయి, పూర్తి చిత్రం లేదు. 2008లో చార్లెస్ లిమ్, అలెన్ బ్రాన్ అనే పరిశోధకులు 6గురు జాజ్ పియానో కళాకారులను స్కానర్‌లో పడుకోబెట్టి చిన్న కీబోర్డు మీద వాయించమన్నారు. బట్టీ పట్టిన సంగీతం వాయించినప్పటితో పోలిస్తే, మన కల్పనస్వరాల లాగా అప్పటికప్పుడు అల్లుతూ వాయించినప్పుడు, తనను తాను తనిఖీ చేసుకోవడానికి సంబంధించిన ముందరి మెదడు భాగాల్లో చురుకు తగ్గింది. 'తప్పు పోతుందేమో' అని లోపల వినిపించే గొంతు తగ్గుతుందన్న అనుభవానికి ఇది సరిపోతుంది. కానీ 6గురితో చేసిన అధ్యయనం ఇది. దీన్ని చూపించి మెదడు పదునెక్కించే మాత్రలో, పొడులో అమ్మేవాళ్ల మాట దయచేసి నమ్మకండి.

అష్టావధాని ఒకేసారి ఎనిమిది పనులు చేస్తారు కదా. మరి మల్టీటాస్కింగ్ కుదరదని ఎలా అంటారు?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఎందుకంటే ధ్యాస ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి మన తెలుగువాళ్ల దగ్గరున్న ఇంత గొప్ప ప్రదర్శన ఇంకెక్కడా దొరకదు.

అవధానాన్ని జాగ్రత్తగా చూడండి. ప్రశ్నలు వేసే పృచ్ఛకులు ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. అవధాని సమస్యకు (ఇచ్చిన పాదంతో పద్యం పూరించడం) ఒక పాదం చెప్పి, దత్తపదికి (ఇచ్చిన పదాలు వాడి పద్యం చెప్పడం) ఒక పాదం చెప్పి, వర్ణనకు ఒక పాదం చెప్పి ముందుకు సాగుతారు. మళ్లీ రెండో ఆవృత్తిలో వెనక్కి వచ్చి రెండో పాదం అందుకుంటారు. అప్రస్తుత ప్రసంగి మధ్యలో ఎంత చిలిపి ప్రశ్న వేసినా జవాబు చెప్పి, వదిలిన చోటికి తిరిగి వస్తారు. అంటే ఏ క్షణంలో చూసినా ఆయన మనసులో ఉన్నది ఒకే పని. మార్పు అంత వేగంగా, అంత శుభ్రంగా జరగడంతో మనకు ఎనిమిదీ ఒకేసారి నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

అది ఎలా సాధ్యం? మొదటిది, గణాలు, యతి, ప్రాస ఏళ్ల సాధనతో ఆలోచించనక్కర్లేనంతగా ఒంటపట్టి ఉంటాయి. ఉత్పలమాల నడక కోసం ఆయన లెక్కపెట్టుకోరు. దాంతో ధ్యాసంతా భావానికే దొరుకుతుంది. రెండోది, నిపుణుల జ్ఞాపకం విడివిడి ముక్కలుగా కాక గుంపులుగా ఉంటుంది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే పరిశోధకులు చెస్ బోర్డును 5 సెకన్లు చూపించి, కాయలు ఎక్కడెక్కడ ఉన్నాయో మళ్లీ పేర్చమన్నారు. నిజమైన ఆటలోని స్థితి అయితే మాస్టర్లు చాలా కాయలు సరిగ్గా పెట్టారు. ఇష్టం వచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టిన కాయలైతే మాస్టర్‌కూ కొత్తవాడికీ పెద్ద తేడా లేదు. గుంటూరుకు చెందిన చెస్ గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ అయినా, గుడివాడలో పుట్టి 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి అయినా బోర్డులో చూసేది 32 విడి కాయలను కాదు, తమకు బాగా తెలిసిన కొన్ని అమరికలను. ధారణలో, అంటే చివర పద్యాలన్నీ గుర్తుంచుకుని అప్పజెప్పడంలో, అవధానికి సాయపడేది కూడా ఇలాంటి అల్లికే: ఛందస్సు, భావం కలిసి ఒక పాదం గుర్తొస్తే తర్వాతి పాదాన్ని అందిస్తాయి.

మూడోది సాధారణంగా ఎవరూ గమనించరు. అవధాని ఒక పాదాన్ని ముగించి పక్క పృచ్ఛకుడి వైపు తిరుగుతారు. చదువుతూ వాట్సాప్ చూసే పిల్లవాడు వాక్యం మధ్యలో వదిలి వెళ్తాడు. తేడా అక్కడుంది.

## కూర్చునే ముందు

పుస్తకం ముందు కూర్చుంటా, కానీ లోపలికి వెళ్లలేకపోతున్నా. ఏం తక్కువైంది?

ఎక్కువసార్లు తక్కువైంది సంకల్పం కాదు, పని రూపం. 'ఈరోజు ఫిజిక్స్ చదవాలి' అనుకుంటే మనసుకు పట్టు దొరకదు. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి, బాగా చేశానా లేదా అన్నది దాన్లో లేదు. 'రొటేషనల్ మోషన్‌లో పాత పేపర్ల లెక్కలు పది, జవాబులు మూసిపెట్టి' అనుకోండి. వెంటనే చేతికి పని దొరుకుతుంది, ప్రతి లెక్కకూ తప్పో ఒప్పో తెలుస్తుంది.

లీనమవడానికి ఈ తక్షణ జవాబు చాలా ముఖ్యం. పాఠాన్ని నాలుగోసారి చదువుతుంటే అది రాదు. అన్నీ తెలిసినట్టే ఉంటుంది, మనసు జారిపోతుంది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు 2006లో చూపించింది ఇక్కడ పనికొస్తుంది. చదివిందే మళ్లీ చదివినవాళ్లు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లు వారం తర్వాత పరీక్షలో ముందున్నారు. కాబట్టి మూసి రాయండి, తెరిచి సరిచూసుకోండి. జ్ఞాపకం నిలుస్తుంది, ధ్యాస కూడా నిలుస్తుంది.

ఎంత కష్టమైన పని తీసుకుంటే మనసు నిలుస్తుంది?

మీకు వచ్చినదానికంటే కొంచెం ఎక్కువ కష్టం. మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే టెన్షన్. ఈ రెండింటి మధ్య సందులోనే మనసు లీనమవుతుంది. ఆ 'కొంచెం' ఇన్ని శాతం అని అంకె చెప్పేవాళ్లున్నారు. అలాంటి కొలబద్ద ఏదీ లేదు, ఎవరికి వాళ్లు తడిమి చూసుకోవాల్సిందే.

ఈ తడిమి చూసుకోవడం మన సంగీత గురువులకు ఎప్పటినుంచో తెలుసు. సరళీ స్వరాలను మొదట ఒకటో కాలంలో, అది కుదిరాక రెండో కాలంలో, ఆ తర్వాత మూడో కాలంలో పాడిస్తారు. పాఠం అదే, కష్టం మాత్రం శిష్యుడితో పాటు పెరుగుతుంది. చదువులోనూ ఇలా చేయొచ్చు. విసుగొస్తే అదే లెక్కకు సమయం పెట్టుకోండి, లేదా రెండో పద్ధతిలో చేసి చూడండి. భయమేస్తే లెక్కను ముక్కలు చేయండి, జవాబులో మొదటి రెండు మెట్లు చూసి మిగతాది మీరు చేయండి.

పిల్లవాణ్ని వాడి స్థాయికి మించిన బ్యాచ్‌లో వేయించి 'అక్కడుంటే వాడే అందుకుంటాడు' అనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. రోజంతా అర్థంకాని పాఠం ముందు కూర్చున్న పిల్లవాడికి ఏకాగ్రత రాదు. వాడికి కావలసింది వాడి చేతికందే మెట్టు.

ఇల్లు చిన్నది. టీవీ, కుక్కర్, వీధిలో మైకు. ఎక్కడ చదవాలి?

అన్ని చప్పుళ్లూ ఒకటి కాదు. ఫ్యాను, కూలరు లాంటి ఒకే తీరు మోత పెద్దగా చెరపదు. చదువును ఎక్కువగా చెరిపేది మనుషుల మాట. మనం వద్దనుకున్నా మెదడు దాన్ని అందుకుంటూనే ఉంటుంది. కాబట్టి టీవీ ఆపించలేకపోతే, కనీసం సీరియల్ మాటలు వినపడని గోడ అవతల కూర్చోండి. చెవుల్లో పెట్టుకునే దూది లాంటి ఇయర్‌ప్లగ్‌లు మందుల షాపులో దొరుకుతాయి.

ఇంట్లో అసలు వీలు కాకపోతే లైబ్రరీకి వెళ్లండి. విజయవాడలో రామ్మోహన గ్రంథాలయం, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉన్నాయి. చుట్టూ తలవంచి చదివేవాళ్లు ఉన్నప్పుడు మన చేయి ఫోన్ మీదికి అంత తేలికగా పోదు. మే నెలలో మాత్రం ఎండను కూడా లెక్కలోకి తీసుకోండి. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం రేకుల గదిలో కూర్చుని మనసు నిలవలేదని బాధపడకండి. కష్టమైన పాఠం పొద్దున్నే ముగించండి.

తెల్లవారుజామున 4 గంటలకు లేచి చదివితేనే ఎక్కుతుందంటారు. నిజమా?

నిశ్శబ్దం వరకు నిజం. కానీ 11 గంటలకు పడుకుని 4 గంటలకు లేస్తే నిద్ర 5 గంటలే. 13–18 ఏళ్ల వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పైగా ఆ వయసులో శరీర గడియారమే కాస్త ఆలస్యంగా జరుగుతుంది. రాత్రి తొందరగా నిద్ర పట్టదు, పొద్దున తొందరగా మెలకువ రాదు. అది బద్ధకం కాదు. నిద్ర తక్కువైన మెదడు మొదట పోగొట్టుకునేది ధ్యాసనే. 4 గంటలకు లేవాలంటే రాత్రి 8 గంటలకే పడుకునే వీలుండాలి. లేకపోతే 6 గంటలకు లేచి నిండుగా మెలకువతో చదవడం మేలు. రాత్రి చదువు కోసం టీ, కాఫీ తాగేవాళ్లు, ఒంట్లో చేరిన కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుందని గుర్తుంచుకోండి.

## మొదటి పావుగంట

మొదటి పది నిమిషాలు నరకంలా ఉంటుంది. నాకొక్కడికేనా?

అందరికీ. అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశారు: కావాలని నిలిపిన ధ్యాస ఒక్కసారికి కొన్ని సెకన్లే ఉంటుంది, జారిన ప్రతిసారీ వెనక్కి తెచ్చుకోవడమే మనం చేసే పని. పాఠం లోపల ఆసక్తి పుట్టేదాకా ఈ తెచ్చుకోవడం తప్పదు. అక్కడ లేచిపోయినవాళ్లు 'నాకు ఏకాగ్రత లేదు' అనుకుంటారు. నిజానికి గుమ్మం దగ్గరే తిరిగి వెళ్లిపోయారు.

దాటడానికి రెండు మార్గాలు పనిచేస్తాయి. నిన్న చేసిన తేలిక లెక్క ఒకటి మళ్లీ చేసి, దాని మీదుగా కొత్తదానిలోకి వెళ్లండి. రెండోది, ముందే చోటు, సమయం కలిపి మాట అనుకోవడం: 'టిఫిన్ ప్లేటు సింకులో పెట్టగానే మేడమీది గదిలో ఆర్గానిక్ నోట్స్ తీస్తాను.' ఇలా 'ఇది జరిగితే అది చేస్తాను' అని ముందే కట్టుకున్న నిర్ణయాలు ఉత్త సంకల్పం కంటే ఎక్కువగా నెరవేరతాయని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. ఆ క్షణంలో 'ఇప్పుడా, కాసేపాగా' అన్న బేరం ఉండదు.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకుంటే తప్పేంటి?

పక్క గదిలో ఉంటే ఇంకా మంచిది. 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఫోన్ బల్ల మీద ఉన్నవాళ్లకంటే వేరే గదిలో పెట్టినవాళ్లు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగ్గా చేశారు. తర్వాత చేసిన అధ్యయనాలన్నింట్లో ఈ తేడా రాలేదు, కాబట్టి దాన్ని శాసనంగా చెప్పను. కానీ ఇంకో సంగతి బలంగా ఉంది. ఆఫీసుల్లో మనుషుల పనిని నిమిషం నిమిషం గమనించిన గ్లోరియా మార్క్ పరిశోధనల్లో, పని ఆగిపోయిన సందర్భాల్లో సగానికి దగ్గరగా ఎవరూ పిలవకుండా ఆగినవే. మనమే ఆపుకుంటాం. సైలెంట్ బటన్ ఫోన్ నోరు మూస్తుంది, మన చేతిని ఆపదు. లేచి పక్క గదికి నడవాలంటే ఆ నాలుగు అడుగుల్లో సగంసార్లు మనసు మారుతుంది.

ఊళ్లో పెద్దవాళ్లున్నారు, అర్జెంటు ఫోన్ వస్తుందేమోనన్న భయం ఉంటే, ఆ రెండు నంబర్లకే మోగేలా పెట్టి ఫోన్‌ను హాల్లో ఉంచండి.

పాటలు పెట్టుకుని చదవొచ్చా?

చదివేది మాటలైతే, వినేదాన్లో మాటలు ఉండకూడదు. రెండూ ఒకే దారిలో తోసుకుంటాయి. వీణ, వేణువు లాంటి వాద్య సంగీతం పరవాలేదు. నోట్స్ ఎత్తిరాయడం, బొమ్మలు గీయడం, బట్టలు మడతపెట్టడం లాంటి పనులకు ఏ పాటైనా హాయిగా పెట్టుకోండి.

25 నిమిషాల టైమర్ పద్ధతి పనిచేస్తుందా?

మొదలుపెట్టడానికి బాగా పనిచేస్తుంది. ఇటలీకి చెందిన ఫ్రాన్చెస్కో చిరిల్లో 1980ల చివర్లో, చదువుకునే రోజుల్లో, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో దీన్ని మొదలుపెట్టారు. 'ఇంకో మూడు గంటలు' అంటే భయపడే మనసు '25 నిమిషాలే' అంటే ఒప్పుకుంటుంది. అయితే గంట మోగేసరికి మీరు పనిలో పూర్తిగా మునిగి ఉంటే లేవకండి. 25 అన్న అంకెలో మహిమ ఏమీ లేదు.

## మధ్యలో

మధ్యలో ఎవరో పిలుస్తారు. మళ్లీ ఆ మూడ్ రావడానికి అరగంట పడుతోంది. ఎలా?

లేచే ముందు ఒక్క వాక్యం రాయండి: 'మూడో మెట్టు దాకా వచ్చాను, తర్వాత x విలువ వేయాలి.' పది సెకన్ల పని.

దీని వెనుక కారణం ఉంది. ఒక పని వదిలి ఇంకోదానికి వెళ్లినప్పుడు, మొదటి పని తాలూకు ఆలోచన కొంత మనసులో మిగిలిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరోయ్ 2009లో చూపించారు. ముగించని పని అయితే ఆ మిగులు ఎక్కువ. తర్వాతి అధ్యయనంలో, ఎక్కడ ఆపామో, తిరిగొచ్చాక ఏం చేయాలో రాసుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది తగ్గిందని తేలింది. కాగితం గుర్తుంచుకుంటుందని తెలిస్తే మనసు వదిలేస్తుంది.

ఇంట్లోవాళ్లతో ముందే మాట అనుకోవడం కూడా అవసరమే. మన ఇళ్లల్లో తలుపు వేసుకుంటే అలిగారనుకుంటారు. 'అమ్మా, పదింటి వరకు పిలవొద్దు, పదింటికి నేనే వచ్చి కాఫీ కలుపుతాను' అంటే ఎవరూ కాదనరు.

నేను గృహిణిని. నాకు గంట సమయం ఎవరూ ఇవ్వరు. ఇదంతా మగవాళ్లకు, పిల్లలకేనా?

మీ మనసులో లోపం లేదు. మీ రోజును పదిమంది ముక్కలు చేస్తున్నారు. పాలు, క్యారేజీలు, కాలింగ్ బెల్, గ్యాస్ బండ, అత్తగారి మందులు ఇలా ప్రతి పదినిమిషాలకూ ఒక పిలుపు ఉన్నచోట ఎంతటి ఏకాగ్రతపరులైనా లీనం కాలేరు. దీన్ని టైమ్ మేనేజ్‌మెంట్ సమస్య అని మీ నెత్తిన పెట్టడం అన్యాయం. ఇంట్లో మిగతావాళ్లు ఒక అరగంట ఆ పిలుపులన్నీ అందుకోవాలి. రోజూ ఒకే వేళకు అయితే వాళ్లకూ అలవాటవుతుంది.

లీనమవడం మీకు కొత్త కూడా కాదు. ధనుర్మాసంలో తెల్లవారకముందే వాకిట్లో 21 చుక్కల ముగ్గు వేసేటప్పుడు ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. చివర ఏ రూపం రావాలో తెలుసు, గీత తప్పితే వెంటనే కనిపిస్తుంది, ప్రతి ఏడూ ఇంకాస్త కష్టమైనది ఎంచుకుంటారు. మనస్తత్వవేత్తలు చెప్పే షరతులన్నీ అక్కడున్నాయి. ఆ వేళలో మిమ్మల్ని ఎవరూ పిలవరన్నది కూడా వాటిలో ఒకటి. మీరు నేర్చుకోవాలనుకున్న కుట్టుపని, ఇంగ్లీషు, డిగ్రీ చదువు ఏదైనా సరే, అలాంటి వేళ ఒకటి కావాలని ఇంట్లో గట్టిగా అడగండి.

మా కాలేజీలో రోజుకి 14 గంటల స్టడీ అవర్స్. అన్ని గంటలు లీనమై చదవడం సాధ్యమా?

సాధ్యం కాదు. మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో ప్రచురించిన బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల అధ్యయనాన్ని చూడండి. అందరికంటే మెరుగైనవాళ్లు ఒంటరిగా, పూర్తి ధ్యాసతో చేసిన సాధన రోజుకు 4 గంటలకు దగ్గరగా ఉంది. అదీ ఏకబిగిన కాదు, మధ్య మధ్య విరామంతో. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ నిద్రపోయారు, మధ్యాహ్నం కునుకు కూడా తీశారు.

ఇక మన కాలేజీల్లో 14 గంటలు బల్ల ముందు కూర్చున్న పిల్లలు చదువుతున్నది ఎంత? చాలా గంటలు కళ్లు పుస్తకం మీద, మనసు ఇంటి మీద ఉంటుంది. ఆ గంటల్లో మనసు పారిపోతే పిల్లవాడు తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. ఈ బాధ నన్ను కలిచివేస్తుంది. టైమ్ టేబుల్ మీ చేతిలో లేకపోతే, దానిలోపలే మూడు నాలుగు గంటలు ఎంచుకోండి. కొత్త పాఠం, కష్టమైన లెక్కలు వాటిలో చేయండి. రికార్డులు రాయడం, ఫార్ములాలు తిరగేయడం, తప్పులు సరిచూడడం మిగతా గంటలకు వదిలేయండి. తల్లిదండ్రులు ఫోన్‌లో 'ఎన్ని గంటలు చదివావు' అని కాకుండా 'ఈరోజు కొత్తగా ఏం అర్థమైంది' అని అడిగితే పిల్లలకు ఊపిరి ఆడుతుంది.

మనసు ఎప్పుడూ ఎటో తిరుగుతూనే ఉంటుంది. ఇది జబ్బా?

తిరగడం మామూలే. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు ఫోన్ యాప్ ద్వారా 2,250 మందిని రోజులో ఎప్పుడంటే అప్పుడు అడిగితే, దాదాపు 47 శాతం సందర్భాల్లో వాళ్ల మనసు చేస్తున్న పని మీద లేదు.

కానీ చిన్నప్పటినుంచీ, అంటే 12 ఏళ్ల లోపే మొదలై, ఇంట్లోనూ బయటా కూడా వస్తువులు పోగొట్టుకోవడం, మొదలుపెట్టినవి వదిలేయడం, నిలకడగా కూర్చోలేకపోవడం వల్ల చదువు, ఉద్యోగం, స్నేహాలు దెబ్బతింటుంటే అది ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ లోపించే పరిస్థితి) కావచ్చు. నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేక, వారాల తరబడి దిగులుగా ఉన్నా ఏకాగ్రత పోతుంది. ఈ రెండింటికీ వైద్యం ఉంది. సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్లడానికి సిగ్గుపడనక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు.

## మరీ ఎక్కువైతే, అసలు రాకపోతే

మావాడు గేమ్ ఆడుతుంటే నాలుగు గంటలు కదలడు. అంటే ఏకాగ్రత ఉన్నట్టేగా, చదువులో ఎందుకు రాదు?

ఏకాగ్రత ఉంది. గేమ్ తయారుచేసినవాళ్లు దానికి కావలసినవన్నీ అమర్చి పెట్టారు: స్పష్టమైన లక్ష్యం, సెకన్లలో ఫలితం, ఆటగాడి స్థాయిని బట్టి పెరిగే కష్టం, ఓడినా వెంటనే ఇంకో అవకాశం. పాఠ్యపుస్తకంలో ఇవేవీ లేవు, మనం కల్పించుకోవాలి. కాబట్టి 'గేమ్‌కి ఉన్న శ్రద్ధ చదువుకి లేదా' అని తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. తప్పు చేస్తే తిట్లు, మార్కులు మూడు వారాల తర్వాత అన్న పద్ధతిలో పెద్దవాళ్లం కూడా లీనం కాలేం.

లీనమవడం అన్నివేళలా మంచిదని కూడా అనుకోవద్దు. లాస్ వెగాస్ జూదం యంత్రాల దగ్గర ఏళ్ల తరబడి పరిశోధన చేసిన నటాషా షూల్, ఆడేవాళ్లు గెలుపు కోసం కూడా కాకుండా ఆ మైకంలో ఉండిపోవడం కోసమే ఆడుతుంటారని చెప్పారు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటి ఆటల్లోనూ, ఆపకుండా జరిపే రీల్స్‌లోనూ ఆ ఛాయ ఉంది. బయటికి వచ్చాక ఏం మిగిలిందో చూసుకుంటే తేడా తెలుస్తుంది. చెస్ ఆడి లేచిన పిల్లవాడు ఏదో నేర్చుకుని లేస్తాడు. రీల్స్ నుంచి లేచినవాడు చిరాకుగా లేస్తాడు.

ఆట మీద అదుపు పోయి, తిండి, నిద్ర, చదువు వెనక్కిపోయి, నష్టం కనపడుతున్నా మానలేని స్థితి ఏడాదిగా ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్‌గా గుర్తించింది. అప్పుడు డాక్టరు సాయం కావాలి. సెలవుల్లో రోజూ ఆడుతున్నాడన్న ఒక్క కారణంతో ఆ ముద్ర వేయకండి.

పనిలో పడితే నీళ్లు, తిండి, మెడనొప్పి ఏదీ తెలియదు. ప్రమాదమా?

రోజూ అలాగే అయితే శరీరం మూల్యం చెల్లిస్తుంది. సీసాలో నీళ్లు బల్ల మీదే పెట్టుకోండి. గంటన్నరకు ఒకసారి లేవడానికి అలారం పెట్టండి. పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం కూర్చోకండి.

ఆ లీనమయ్యే అనుభవం రాని రోజు చదువు వేస్టేనా?

ఎంతమాత్రం కాదు. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, ఎందుకంటే ఫ్లో గురించి నాలుగు వీడియోలు చూసి, అది రాకపోతే పుస్తకం మూసేసే పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు.

నేర్చుకోవడంలో రెండు రకాల గంటలుంటాయి. వచ్చినదాన్ని హాయిగా చేసే గంటలు, రానిదాన్ని పట్టుకుని పెనుగులాడే గంటలు. ఎరిక్సన్ వర్ణించిన కఠిన సాధన రెండో రకం. తన బలహీనతను వెతికి, దాన్నే మళ్లీ మళ్లీ సరిదిద్దుకోవడం. అది దానంతటది సంతోషమిచ్చే పని కాదని ఆయనే రాశారు. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచి, తాళం తప్పకుండా అడుగులు వేసే నర్తకి వేదిక మీద తన్మయంగా కనిపిస్తుంది. ఆ పళ్లెం మీద నిలబడటం నేర్చుకున్న నెలలు తన్మయంగా గడిచి ఉండవు. ఆ నెలలు లేకపోతే వేదిక మీది నిమిషాలు లేవు.

కాబట్టి ఎలా అనిపించిందన్నది కొలతగా పెట్టుకోకండి. నిన్న రాని లెక్క ఈరోజు వచ్చిందా అని చూసుకోండి.

ఆఫీసులోనే ఎక్కువ లీనమవుతాను, సెలవు రోజు మాత్రం నీరసం. ఎందుకిలా?

చాలామందికి ఇంతే. 1989లో చిక్‌సెంట్‌మిహాయ్, జూడిత్ లెఫెవర్ షికాగో ప్రాంతంలో 78 మంది ఉద్యోగులకు పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో, ఎలా ఉందో రాయమన్నారు. ఫ్లోకు దగ్గరైన క్షణాలు పనివేళల్లో సగానికి పైగా వచ్చాయి, తీరికవేళల్లో ఐదో వంతు కూడా లేవు. అయినా పనిలో ఉన్నప్పుడే 'ఇక్కడ కాకుండా ఇంకోచోట ఉంటే బాగుండు' అనుకున్నారు. ఉద్యోగానికి లక్ష్యాలు, గడువులు ఎవరో పెట్టి ఇస్తారు. ఆదివారానికి ఎవరూ పెట్టరు, అందుకే అది సోఫాలో కరిగిపోతుంది. వారానికి ఒక పూట చేతికి, బుద్ధికి పని చెప్పేది ఒకటి పెట్టుకోండి. షటిల్, వంట, ఫొటోలు, మృదంగం, మొక్కలు ఏదైనా. విశ్రాంతి కూడా కావాలి, కాదనను. కానీ అలసట నిద్రతో పోతుంది, నీరసం తరచు పనితోనే పోతుంది.

నాకు అరవై దాటాయి. రిటైరయ్యాక కొత్తది నేర్చుకుంటే ఇలా లీనం కాగలనా?

అవుతారు. దీనికి వయసు హద్దు లేదు, స్థాయి సరిపోవడమే కావాలి. పెద్దవాళ్లకు వచ్చే ఇబ్బంది వేరే ఉంది. ఉద్యోగంలో ముప్పై ఏళ్లు అన్నీ తెలిసినవాళ్లుగా బతికి, ఇప్పుడు పదేళ్ల పిల్లల పక్కన కూర్చుని మొదటి పాఠం తప్పుగా చేయడం మొహమాటంగా ఉంటుంది. ఆ మొహమాటమే ధ్యాసను తినేస్తుంది. మొదటి రెండు నెలలు ఎవరూ చూడని చోట సాధన చేయండి, లేదా మీ వయసువాళ్లు ఇద్దరు ముగ్గురిని కలుపుకోండి. కళ్లద్దాలు, వినికిడి ముందే సరిచూపించుకోండి. అక్షరాలు పోల్చుకోవడానికే శ్రమపడుతుంటే లీనమవడానికి ధ్యాస మిగలదు. ఉద్యోగంలో ఉండగా వాయిదా వేసినదేదో ఉండే ఉంటుంది, పద్యాలో, చెస్సో, వీణో. గురువుగారితో మాట్లాడి వారానికి రెండు రోజులు ఖాయం చేసుకోండి. నేర్పేవారికి మీరు అసలు కొత్తవారని ముందే చెప్పండి, ఆయన మొదటి మెట్టు నుంచే మొదలుపెడతారు.